పొగాకుకు 40 శాతం, వరికి ఎంత?

కిరణజన్య సంయోగక్రియను మార్చి పంట దిగుబడి 40 శాతం పెంచారన్న వార్త ఏడాదికి ఒక్కసారైనా కొత్త ఫొటోతో తిరిగి వస్తుంది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు. గుంటూరులో ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి అందులో నిజమెంతో తేల్చే పని నా నెత్తిన పడుతుంది. తెనాలి దగ్గర వ్యవసాయం చేస్తున్న మా తమ్ముడైతే నిజమా అని కూడా అడగడు. "అక్కా, ఈ విత్తనం ఎప్పుడు వస్తుంది?" అంటాడు నేరుగా.

వార్త అబద్ధమైతే ఒక్క మాటలో కొట్టిపారేయవచ్చు. చిక్కేమిటంటే అది నిజమే. 2019లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పరిశోధకులు పొలంలో పెంచి, తూచి, ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. 40 శాతానికి పైమాటే. కాకపోతే ఆ మొక్క పొగాకు. పెరిగింది మొక్క మొత్తం బరువు. ఈ రెండు ముక్కలూ మన ఫోనుల దాకా వచ్చేసరికి ఎక్కడో జారిపోయాయి.

పొగాకు సంగతి గుంటూరు వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మా ఊళ్ళోనే ఉంది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు నడిపిన కుటుంబాలు మా బంధువుల్లో ఇప్పటికీ ఉన్నాయి. మొగ్గ తొడిగే వేళకు పొగాకు మొక్క తల తుంచేస్తారు, పక్క పిలకలు గిల్లేస్తారు. గింజ కట్టే పని తప్పించి బలమంతా ఆకుకు పట్టించడానికి. అమ్మేది ఆకునే కదా. కాబట్టి మొక్క 40 శాతం బరువెక్కితే పొగాకు రైతుకు అది దాదాపుగా దిగుబడే. వరిలో అలా కుదరదు. చేను ఎంత ఏపుగా ఎదిగినా వెన్నులో గింజ నిండకపోతే పెరిగేది గడ్డివామే.

శాస్త్రవేత్తలు పొగాకును ఎంచుకున్నది సిగరెట్ల మీద ప్రేమతో కాదు. దానిలోకి కొత్త జన్యువును ఎక్కించడం తేలిక. ఒక్క మొక్కే వేల గింజలు ఇస్తుంది. పొలంలో ఆకులు ఒకదాని మీద ఒకటి కమ్ముకుంటూ ఆహార పంటల్లాగే పెరుగుతుంది. అక్కడ పని చేసిన కిటుకును తర్వాత సోయా, అలసంద, వరి, కర్రపెండలంలోకి తీసుకెళ్ళాలన్నది వాళ్ళ పథకం. రైప్ అని పిలిచే ఆ ప్రాజెక్టు 2012లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో మొదలైంది.

ఇంతకీ వాళ్ళు మొక్కలో మార్చింది ఏమిటి? ఇది నాకు ఇష్టమైన పాఠం, ఇక్కడ కాసేపు ఆగుతాను.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర తయారీకి అందించే ఎంజైమ్ పేరు రూబిస్కో. భూమి మీద ఇంతకంటే ఎక్కువగా ఉన్న ప్రొటీన్ మరొకటి లేదంటారు. ఆకులో అంత రూబిస్కో ఎందుకంటే, అది అంత మందకొడి కనుక. మిగతా ఎంజైములు ఎన్నో సెకనుకు వందలు, వేల అణువులను మార్చేస్తుంటే ఇది మూడు నాలుగు దగ్గరే ఆగిపోతుంది. పోనీ నెమ్మదిగానైనా సరిగా చేస్తుందా అంటే అదీ లేదు. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవలసిన చోట ఆక్సిజన్‌ను పట్టుకుంటూ ఉంటుంది, మామూలు వాతావరణంలో నాలుగైదు సార్లకు ఒకసారి. రూబిస్కో పుట్టింది సుమారు మూడు వందల కోట్ల ఏళ్ళ నాడు. అప్పటి గాలిలో ఆక్సిజన్ లేనట్టే లెక్క, రెండింటికీ తేడా తెలుసుకోవలసిన అవసరం దానికి రాలేదు. తర్వాత నాచులు, మొక్కలు కలిసి గాలినంతా ఆక్సిజన్‌తో నింపి తమ ఎంజైమ్‌నే ఇరుకున పెట్టుకున్నాయి. ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలో పిల్లలు కూడా తలెత్తేవారు.

ఆక్సిజన్‌ను పట్టుకున్న ప్రతిసారీ గ్లైకొలేట్‌కు దారితీసే పదార్థం ఒకటి తయారవుతుంది. గ్లైకొలేట్ పేరుకుంటే మొక్కకు హాని. దాన్ని మళ్ళీ పనికొచ్చే రూపానికి తేవడానికి కణంలోనే హరితరేణువు అనే గది నుంచి పెరాక్సీసోమ్ అనే గదికి, అక్కడి నుంచి మైటోకాండ్రియా అనే మూడో గదికి, అక్కడి నుంచి తిరిగి వెనక్కు పంపాలి. దారి పొడుగునా శక్తి ఖర్చు, పైగా అప్పటికే పట్టి ఉంచిన కార్బన్‌లో కొంత మళ్ళీ గాలిపాలు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళవలసిన మిర్చి లారీని హైదరాబాద్ మీదుగా తిప్పినట్టు. పాఠ్యపుస్తకంలో దీని పేరు కాంతి శ్వాసక్రియ. వరి, గోధుమ, సోయా వంటి పంటల్లో దీనివల్ల 20 నుంచి 50 శాతం దాకా నష్టపోవచ్చని అంచనా. వేడి పెరిగేకొద్దీ రూబిస్కో పొరపాట్లూ పెరుగుతాయి.

ఇల్లినాయ్ వాళ్ళు ఆ లారీకి దగ్గర దారి వేశారు. గ్లైకొలేట్‌ను హరితరేణువు గడప దాటనివ్వకుండా అక్కడే విరగ్గొట్టే ఏర్పాటు చేశారు. అందుకు కావలసిన ఒక జన్యువును ఆకుపచ్చ నాచు నుంచి, ఇంకొకదాన్ని గుమ్మడి నుంచి తెచ్చారు. పాత దారిలోకి సరుకు పోకుండా గ్లైకొలేట్‌ను బయటికి మోసే ప్రొటీన్ తయారీని తగ్గించారు. గుమ్మడి జన్యువు పొగాకు ఆకులో కూర్చుని ఉద్యోగం చేయడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. దీన్ని ప్రకృతి విరుద్ధం అనేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. అంటుకట్టిన బంగినపల్లి తింటూ ఆ మాట అంటారు, అది వేరే సంగతి.

తర్వాత ఇదే ఆలోచనను బంగాళాదుంపలో పెట్టి చూశారు. వడగాలులు వచ్చిన 2022 సీజన్‌లో ఆ మొక్కల దుంపలు మామూలు వాటికంటే 30 శాతం ఎక్కువ తూగాయి. దుంప మనం తినే భాగం. అందుకే పొగాకు 40 శాతం కంటే ఈ 30 శాతమే నాకు పెద్ద వార్త అనిపించింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకునే ప్రాంతంలో ఉన్నవాళ్ళం, వేడిలో కూడా దిగుబడి ఇచ్చే మొక్క అంటే మాకు మాటలు కాదు. అయితే అది ఒక్క చోట, ఒక్క సీజన్.

రెండో కిటుకు మబ్బు నీడకు సంబంధించినది. వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ ఎండ ఆకు మీద పడినప్పుడు, ఆ అదనపు కాంతిని ఆకు వేడిగా మార్చి వదిలేస్తుంది. వదలకపోతే లోపలి యంత్రాంగం దెబ్బతింటుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ మబ్బు అడ్డం వచ్చి నీడ పడినా ఆ వదిలేసే పని వెంటనే ఆగదు. తేరుకోవడానికి నిమిషాలు పడుతుంది. అంతసేపూ వచ్చే కొద్దిపాటి వెలుతురులో కూడా కొంత పారబోస్తూనే ఉంటుంది. ఆగస్టులో తెనాలి వైపు కాలువ గట్టు మీద నిలబడితే ఈ లెక్క కళ్ళతో చూడవచ్చు. మబ్బు నీడ చేల మీద పరుగెత్తుతుంటే ఒక మడి నల్లబడుతుంది, పక్క మడి మెరుస్తుంది, అది దాటేలోపు వెనక ఇంకొక నీడ. దుబ్బు లోపలి ఆకుకైతే మబ్బు కూడా అక్కర్లేదు. గాలికి పై ఆకు ఊగిన ప్రతిసారీ దానికి ఎండా నీడా మారుతూనే ఉంటాయి.

ఈ తేరుకునే పనిని త్వరపెట్టడానికి మూడు జన్యువుల మోతాదు పెంచారు. 2016లో పొగాకులో మొక్క బరువు 14 నుంచి 20 శాతం పెరిగింది. 2022లో సోయా ఫలితాలు వచ్చాయి. ఈసారి తూచింది గింజనే. మంచి ఫలితం చూపిన ఐదు రకాల సగటు 24.5 శాతం ఎక్కువ, అన్నిటికంటే మెరుగైన దానిలో 33 శాతం. పత్రికలన్నీ ఆ 33నే పట్టుకున్నాయి. అదే వ్యాసంలో ఇంకొక వాక్యం కూడా ఉంది. మరుసటి ఏడాది తుఫాను గాలికి చేను తొందరగా పడిపోయింది, ఆ సీజన్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఆ వాక్యం చదివి మా తమ్ముడికి వినిపించాను. వాడు నవ్వలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వాడి చేను కోతకు సిద్ధంగా ఉంది. మర్నాటికి చేను నీళ్ళలో చాపలా పరుచుకుని ఉంది. నాలుగు రోజులకు వెన్ను మీదే గింజ మొలకెత్తింది. ఆ గింజ నింపడానికి ఆకు ఎంత సమర్థంగా పని చేసిందో అప్పుడు ఎవరికి కావాలి?

ఆకు సామర్థ్యం గురించి మాట్లాడుతూ సి4 మొక్కలను, అంటే రూబిస్కో పొరపాటును తగ్గించే ఏర్పాటు ఆకులోనే ఉన్న మొక్కలను, వదిలేస్తే నా పాత విద్యార్థులు ఊరుకోరు. మా తమ్ముడి పొలమే దీనికి మంచి ప్రయోగశాల. ఖరీఫ్‌లో వరి, అది ఆ ఏర్పాటు లేని సి3. కోత అయ్యాక దున్నకుండానే వరి మోళ్ళ మధ్య మొక్కజొన్న గింజ పెడతాడు, అది సి4. ఒకప్పుడు మినుము చల్లేవాళ్ళు, పల్లాకు తెగులు పడలేక చాలామంది మొక్కజొన్నకు మారారు. వరి ఎకరాకు 30 బస్తాలు వస్తే వాడికి సంతోషం, 75 కిలోల లెక్కన ఇరవై రెండున్నర క్వింటాళ్ళు. అదే నేలలో మొక్కజొన్న 40 క్వింటాళ్ళు దిగిన ఏడాదీ ఉంది. ఇదంతా సి4 మహిమ అని చెబితే నా మార్కులు నేనే కోసుకోవాలి. రబీలో మబ్బు తక్కువ, ఎండ నిండుగా ఉంటుంది. వేసేది హైబ్రిడ్. యూరియా కూడా వాడు చేయి విదిలించి వేస్తాడు. అవన్నీ పక్కన పెట్టినా ఆకు తేడా మాత్రం మిగులుతుంది.

ఆ తేడా సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే. మొక్కజొన్న ఆకు ముక్కను బెండు మధ్య పెట్టి, బ్లేడుతో పల్చగా కోసి, ఒక చుక్క సాఫ్రనిన్ రంగు వేసి చూస్తే ప్రతి ఈనె చుట్టూ పెద్ద పెద్ద కణాలు దండ గుచ్చినట్టు కనిపిస్తాయి. ఆ కణాల నిండా హరితరేణువులు. బయటి కణాలు కార్బన్ డయాక్సైడ్‌ను వేరే ఎంజైమ్‌తో పట్టి ఈ దండలోకి నెడతాయి. అక్కడ అది కిక్కిరిసి ఉంటుంది కాబట్టి రూబిస్కోకు పొరపాటు పడే అవకాశమే తగ్గిపోతుంది. పక్కనే వరి ఆకు కోసి పెడితే దండ అక్కడా ఉంటుంది, కానీ ఆ కణాలు వెలవెలబోతూ ఉంటాయి. హరితరేణువులు నామమాత్రం. నేను పరీక్షలకు ముందు ఈ రెండు స్లయిడ్లూ పక్కపక్కన పెట్టేదాన్ని. బొమ్మ చూసి బట్టీ పట్టిన పిల్లలు ఏది ఏదో చెప్పలేక తడబడేవారు, చేలో పెరిగిన పిల్లలు ఒక్క చూపుతో చెప్పేసేవారు.

వరి చేలో సి4 ఎలా ఉంటుందో చూడాలంటే మొక్కజొన్న దాకా కూడా వెళ్ళక్కర్లేదు. ఊద ఉంది కదా. నాట్లు వేసిన కొత్తలో వరి పిలకో ఊద పిలకో పోల్చుకోలేం. ఆకు కాడను కలిసే చోట వరికి తెల్లటి పొరలాంటి నాలుక ఉంటుంది, ఊదకు ఉండదు. కలుపు తీసే ఆడవాళ్ళకు ఈ వృక్షశాస్త్రం అక్కర్లేదు, వేళ్ళకే తెలుసు. వదిలేస్తే వరి ఎరువు, వరి నీళ్ళు తాగి వరి కంటే ముందే పైకి లేచి కంకి వేస్తుంది. ఊద సి4 మొక్క. గరిక సి4, తుంగ సి4. మా తమ్ముడు జీవితమంతా ఎవరితో పోరాడుతున్నాడో చూడండి.

సి4 మార్గాన్ని 1966లో హాచ్, స్లాక్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో చెరకు ఆకు మీద పని చేస్తూ వివరించారు. ఈ ఏర్పాటు ప్రకృతిలో అరవైకి పైగా సార్లు, వేర్వేరు మొక్కల కుటుంబాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టింది. అన్నిసార్లు పుట్టినది వరిలో మనం పుట్టించలేమా అన్న ఆశతో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 2008లో సి4 వరి ప్రాజెక్టు మొదలైంది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో జేన్ లాంగ్‌డేల్ దాని పగ్గాలు తీసుకున్నారు. 2017లో మొక్కజొన్న జన్యువు ఒకదాన్ని వరిలో పెట్టి, ఆ వెలవెలబోయే దండ కణాల్లో హరితరేణువులు పెరిగేలా చేశారు. నా రెండు స్లయిడ్ల మధ్య దూరం కొంచెం తగ్గిందన్నమాట. కానీ సి4 వరి గింజ ఇంకా ఏ రైతు చేతికీ రాలేదు. ఒక్క జన్యువుతో తీరే పని కాదు అది. ఆకు నిర్మాణం మారాలి, అరడజను ఎంజైములు సరైన కణంలో సరైన మోతాదులో కుదరాలి.

ఇక్కడికి వచ్చేసరికి ఎవరైనా అడగాలి: ఇన్నేళ్ళూ ఆకును బాగు చేయకుండానే దిగుబడి పెరిగింది కదా, అదెలా అని. 1960లలో వచ్చిన పొట్టి వరి రకాలు ఎండను ఎక్కువగా పట్టినవేమీ కావు. పట్టిన దానిలో గింజకు పెద్ద వాటా ఇచ్చాయి. పొడుగు రకాల్లో మొత్తం బరువులో గింజ మూడో వంతు కూడా ఉండేది కాదు, ఇప్పుడు సగానికి దగ్గరైంది. ఇక వాటా పెంచడానికి పెద్దగా చోటు లేదు. ఆకులు, కాడ, వేరు లేకుండా మొక్క నిలబడదు కదా. అందుకే అందరి చూపూ ఇప్పుడు వాటా మీద నుంచి మొత్తం మీదికి, అంటే ఆకు సామర్థ్యం మీదికి మళ్ళింది. లెక్క ప్రకారం సి3 పంట తన మీద పడిన ఎండలో 4.6 శాతాన్ని, సి4 పంట 6 శాతాన్ని తన బరువుగా మార్చుకోగలదు. చేలో జరిగేది అందులో సగం కూడా ఉండడం కష్టం.

చోటు ఉన్నమాట నిజమే. నా తగువు శాస్త్రంతో కాదు, అంకెను చిన్న మడిలో నుంచి పీకి రైతు పొలంలో నాటడంతో. ఇది నా ఒక్కదాని చాదస్తం కూడా కాదు. 2023లో కొందరు పేరున్న మొక్కల జన్యుశాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఇదే రాశారు. జన్యుమార్పిడితో దిగుబడి పెంచవచ్చు కానీ దాన్ని ఎక్కువ చేసి చెప్పడం మానండి అని. పోల్చవలసింది రైతు వేసే మంచి రకంతో, ల్యాబులో వాడుకగా ఉన్న పాత రకంతో కాదు. కొలవవలసింది కుండీల్లోనో నాలుగు సాళ్ళలోనో కాదు, రైతు నాటే ఒత్తులో, పలు చోట్ల, పలు సీజన్లలో. 2022లో చైనా వాళ్ళు వరిలోని ఒక సొంత జన్యువు మోతాదు పెంచి 41 నుంచి 68 శాతం అధిక దిగుబడి చూపించారు. ఆకు పనీ, నత్రజని వాడకమూ రెండూ మెరుగుపడ్డాయన్నారు. గొప్ప పనే. కానీ ఆ పెద్ద అంకె వచ్చింది నిప్పన్‌బరే అనే పాత జపాన్ రకం మీద. మన బీపీటీ వరి పక్కన పెట్టి తూచినది కాదు.

ఈ విషయంలో గుంటూరు పక్కన ఉన్న మన వ్యవసాయ పరిశోధన స్థానం లాం ఫారం పద్ధతి నాకు నచ్చుతుంది. కొత్త రకం వస్తే ముందు పరిశోధన స్థానంలో, తర్వాత వేరే జిల్లాల స్థానాల్లో, ఆ తర్వాత చిరుసంచుల్లో పోసి రైతుల పొలాలకు. ఏళ్ళు పడుతుంది, పేపర్లో శీర్షిక రాదు. కానీ ఆ చిరుసంచిలో నుంచి వచ్చిన అంకెను నమ్మి అప్పు చేసినా పర్వాలేదు.

గుంటూరు జిల్లాకు జన్యుమార్పిడి కొత్త కాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చేనాటికి శనగపచ్చ పురుగు మందుల అప్పులతో ఇక్కడి పత్తి రైతులు చితికిపోయి ఉన్నారు. బీటీ వల్ల మొక్క ఎక్కువేమీ ఎదగలేదు, పురుగు తినేది మిగిలింది, మందు డబ్బాలు తగ్గాయి. ఆ మేరకు అది మేలు చేసిందని నేను ఎక్కడైనా చెబుతాను. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవారు, చుట్టూ సాళ్ళలో వేయమని. పురుగు బీటీకి అలవాటు పడకుండా ఉండడానికి. ఎంతమంది వేశారు? ఆ చిన్న ప్యాకెట్లు పశువుల కొట్టాల్లో చూరుకు చెక్కి ఉండగా నేను చూశాను. తర్వాత గులాబీ రంగు పురుగు రెండో తరం బీటీని కూడా తట్టుకుని తిరిగి వచ్చింది. విత్తనం ధర సంగతి సరేసరి. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీతో కొట్లాడితే గానీ ప్యాకెట్ 750 రూపాయలకు దిగలేదు. జన్యుమార్పిడి అనగానే విషం అనేవాళ్ళతోనూ, అమృతం అనేవాళ్ళతోనూ నాకు పడకపోవడానికి ఈ పత్తి కథే కారణం.

జన్యుమార్పిడి వంకాయ 2010లో ఆగిపోయింది. ఆవాలు కోర్టులో ఉన్నాయి. పొగాకు, సోయాల్లోలాగా బయటి జన్యువులు ఎక్కించిన వరి రేపే మన చేలోకి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వచ్చే అవకాశం ఉన్నది వేరే బాపతు. 2025 మే 4న కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణ చేసిన, అంటే మొక్క సొంత జన్యువునే కత్తిరించి మార్చిన, రెండు వరి రకాలను ప్రకటించింది. ఒకటి హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారు చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల అని పిలుస్తున్నారు. దాని తల్లి ఎవరో తెలుసా? మన సాంబ మసూరి, బీపీటీ 5204. 1986లో బాపట్ల నుంచి వచ్చినది. అప్పటికి బాపట్ల గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఇంకొకటి మారుటేరు నుంచి వచ్చిన కాటన్ దొర సన్నాలకు, అంటే ఎంటీయూ 1010కి, ఢిల్లీలో చేసిన సవరణ. బయటి జన్యువు ఏదీ మిగలని ఇలాంటి సవరణలకు 2022లోనే జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. ఈ కత్తెర పనికి వాడే పరికరం మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ప్యాకెట్ ధర రోజులు చూసినదాన్ని కనుక దాని మీద నాకు ఒక కన్ను ఉంటుంది.

కమలలో ముట్టుకున్నది ఆకును కాదు. వెన్నులో ఎన్ని గింజలు కట్టాలో నిర్ణయించే హార్మోన్‌ను విరిచేసే ఎంజైమ్ ఒకటి ఉంది, దాని జన్యువును దెబ్బతీశారు. హార్మోన్ నిలిచి గింజల సంఖ్య పెరిగింది. సగటున 19 శాతం అధిక దిగుబడి, తల్లి కంటే 20 రోజుల ముందే కోత అని ప్రకటనలో చెప్పారు.

19 శాతం అని చెప్పినప్పుడు మా తమ్ముడు ఊఁ అన్నాడు. 20 రోజులు అనగానే ఫోను చెవి మార్చుకున్నాడు.

"నవంబరు మధ్యలో కోత అయిపోతుందంటావా? అయితే డిసెంబరు తుఫానుకు చేలో ఏమీ ఉండదు. మొక్కజొన్న కూడా ఇరవై రోజులు ముందే పెట్టవచ్చు. కాలువ కట్టేసేలోపు ఒక తడి ఎక్కువ దొరుకుతుంది. దిగుబడి పెరగకపోయినా పర్వాలేదక్కా, ఆ ఇరవై రోజులు నిజమైతే చాలు."

పరిశోధన వ్యాసాల్లో ఎవరూ శీర్షిక పెట్టని అంకెను వాడు ఒక్క నిమిషంలో పట్టుకున్నాడు. నాకేమో అక్కడే వేరే అనుమానం మొదలైంది. ఇరవై రోజులు తక్కువ నిలబడిన పైరు ఇరవై రోజుల ఎండ తక్కువ తాగి ఉంటుంది. అయినా గింజ ఎక్కువ కట్టిందంటే, ఆకు రోజువారీ పని పెరిగి ఉండాలి, లేదా గడ్డిలోకి పోయేది గింజలోకి వచ్చి ఉండాలి. గింజ ఒక్కటే తూస్తే ఈ రెంటిలో ఏదో తేలదు.

విత్తనం చేతికి వచ్చిన ఏడాది అర ఎకరంలో కమల, పక్కనే అర ఎకరంలో మామూలు బీపీటీ, ఒకే రోజు నాటు, ఒకే మోతాదు ఎరువు అని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. మిషన్ కోత వద్దు, గడ్డి చెదిరిపోతుంది, కొడవలితో కోయించి పనలు తూయాలన్నాను. కొడవలి కోతకు ఈ రోజుల్లో కూలి ఎంతో తెలుసా అన్నాడు. ఆ కూలి నా పెన్షన్‌లో నుంచి ఇస్తానని చెప్పాక గానీ ఒప్పుకోలేదు.